సగం సాక్ష్యం

నా నడుము నొప్పి తగ్గిపోయిందని మా సంఘంలో అందరికీ తెలుసు. తగ్గలేదని మొన్నమొన్నటిదాకా నాకూ, మా ఆయనకూ, రాజమండ్రిలో డాక్టరుగారికీ మాత్రమే తెలుసు. ఈ రెండింటి మధ్యా పడి ఒకావిడ చేతులు పాడైపోయాయి. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. ఎక్కువసేపు కూర్చోవడం నాకు పడదు కాబట్టి మధ్య మధ్య లేచి, వసారాలో నాలుగడుగులు వేసి వచ్చి మళ్ళీ రాస్తాను. ఎక్కడైనా అతుకు సరిగ్గా కుదరకపోతే అక్కడ లేచాననుకోండి.

మాది కాలవ గట్టు పక్క ఊరు. నేను ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఆయన మండలాఫీసులో గుమాస్తా. మా అత్తయ్యగారు ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ చేలల్లో నాట్లు వేసి, కలుపు తీసి కొడుకుని చదివించిన మనిషి. ఆవిడ నడుము ఇప్పటికీ నిటారుగా ఉంటుంది. బురదలో వంగి పనిచేసిన ఆవిడకి ఏమీ కాలేదు గానీ, ఫ్యాను కింద నిలబడి ఒకట్లూ రెండ్లూ చెప్పిన నాకు వెన్ను బిగుసుకుపోయింది. ఈ లెక్క నాకిప్పటికీ తేలలేదు.

పాప పుట్టిన కొన్ని నెలలకి మొదలైంది. పడుకుంటే ఎక్కువ, పనిలో పడితే తక్కువ. తెల్లవారేసరికి నడుములో ఎవరో సిమెంటు పోసి వెళ్ళినట్టు ఉండేది. నొప్పి కాన్పు తర్వాత వచ్చింది కాబట్టి, ఆపరేషన్ అప్పుడు వెన్నుకి ఇచ్చిన మత్తింజెక్షనే కారణమని ఊరు ఊరంతా తేల్చేసింది. మా అత్తయ్యగారయితే ఆ ఇంజెక్షన్‌ని ఒక మనిషిని తిట్టినట్టు తిట్టేవారు. “ఆ పాడు సూది నా కోడలి బతుకు తీసేసింది” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. డాక్టర్ల దగ్గరికి వెళితే ఒకాయన కాల్షియం బిళ్ళలు రాశారు, ఇంకొకాయన బెల్టు పెట్టుకోమన్నారు, మూడో ఆయన కాగితం మీంచి తలెత్తకుండానే, “ఆడవాళ్ళకి నడుము నొప్పి మామూలేనమ్మా” అన్నారు. ఆ మాటన్న ప్రతి మగాడికీ ఒక్క పొద్దున, ఒకే ఒక్క పొద్దున నా నడుము అరువిద్దామనిపించేది.

ఇలా ఏడేళ్ళు తిరిగాక రాజమండ్రిలో ఒక డాక్టరుగారు రక్తం పరీక్షలూ స్కానింగూ చేయించి, జబ్బు పేరు చెప్పారు. ఆ పేరు పలకడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. వెన్నెముకలోని కీళ్ళు వాచి, వాచి, అలా వదిలేస్తే కొన్నాళ్ళకి ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. ఇది వయసులో ఉండగానే వస్తుందట. మత్తింజెక్షన్‌కీ దీనికీ సంబంధం లేదన్నారు. విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుందనీ, కదులుతూ ఉంటే మేలనీ చెప్పారు. ఈ ఆఖరి ముక్క మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

మా అత్తయ్యగారు నా చేతిలో చీపురు లాక్కునేవారు. బిందె లాక్కునేవారు. “అమ్మాయ్, నువ్వు కూర్చో. నేను చచ్చాక చేద్దువుగానిలే” అనేవారు. ఆవిడ ప్రేమకి ఎదురు చెప్పలేక కూర్చునేదాన్ని, కూర్చుని బిగుసుకుపోయేదాన్ని. బళ్ళో పిల్లలు కింద పడ్డ సుద్దముక్క నా చేతికందించడానికి వంతులేసుకునేవారు. బోర్డు కింది సగం వాళ్ళే రాసేవారు, నేను వంగలేను కాబట్టి. తుమ్ము వస్తే గోడ పట్టుకునేదాన్ని. ఎవరైనా నవ్విస్తే కోపం వచ్చేది.

ఇక గుడి. చర్చిని మేం గుడి అనే అంటాం, పాస్టరుగారిని అయ్యగారంటాం. మా గుడిలో ఆడవాళ్ళందరూ చాపల మీద కూర్చుంటారు. వెనకాల గోడవారగా ఓ పది కుర్చీలుంటాయి. అవి ముసలమ్మలకీ, నెలలు నిండినవాళ్ళకీ. ముప్పై మూడేళ్ళకి నన్ను కూడా అక్కడికి పంపించేశారు. మొదటి ఆదివారమే పక్క కుర్చీ ముసలమ్మ నా చెవి దగ్గర వంగి, “ఎన్నో నెలమ్మా?” అని అడిగింది. నేను ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. ఎప్పటికైనా మళ్ళీ చాప మీద కూర్చోవాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

బిళ్ళలు పనిచేయకపోయేసరికి డాక్టరుగారు ఒక ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. రెండు వారాలకొకసారి, తొడ మీద మనమే పొడుచుకోవాలి. మందు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంజెక్షన్ పేరెత్తితే మా అత్తయ్యగారు వణికిపోతారని మా ఇద్దరికీ తెలుసు. ఆవిడకి నచ్చజెప్పే ఓపిక మాకు లేకపోయింది. చెప్పొద్దులే అనుకున్నాం. స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచాం. నేను చేసిన మొదటి తప్పు అదే. అప్పుడది తప్పనిపించలేదు సరికదా, తెలివనిపించింది.

సరిగ్గా అప్పుడే శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకి ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా అత్తయ్యగారు నా కోసం ఒంటిపూట ఉపవాసం పట్టారు. రోజూ సాయంత్రం దాకా మంచినీళ్ళతో ఉండి, నా నడుము మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, ఆ తర్వాతే ముద్ద నోట్లో పెట్టుకునేవారు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తే. మూడో వారంలో ఒక రోజు పొద్దున్నే మామూలుగా లేచి కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, నేను మామూలుగా లేచానని. పాపకి జడ వేశాను. బిందె ఎత్తాను. మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి చూసి, చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఈస్టరు రోజు చాప మీద కూర్చున్నాను. ఆరాధనలో ఒకచోట అయ్యగారు, “సాక్ష్యాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతారు. తమకి జరిగిన మేలు ఏదైనా ఉంటే లేచి నలుగురిలో చెప్పడం మా దగ్గర పద్ధతి. మా అత్తయ్యగారు నన్ను మోచేత్తో పొడిచారు. లేచాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను. నేను నమ్మే మనిషిని. ఆ ఉపవాసం నన్ను ముట్టలేదని అనలేను, ఇంజెక్షన్ పనిచేయలేదనీ అనలేను. రెండూ చెబుదామనే లేచాను.

“ఏడేళ్ళు బాధపడ్డాను. ఎన్నో మందులు వాడాను, ఏవీ పనిచేయలేదు. మా అత్తయ్యగారు నా కోసం ఉపవాసం ఉన్నారు. దేవుడు నన్ను ముట్టాడు. ఈ రోజు చాప మీద కూర్చున్నాను” అన్నాను. తర్వాతి వాక్యం డాక్టరుగారి గురించి. దానికి ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి తీసుకున్న సందులో వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు. గుడంతా చప్పట్లు. మా అత్తయ్యగారు నా మొహం రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడనంత సంతోషం. పాట అయ్యాక చెప్పొచ్చు. చెప్పలేదు. కూర్చున్నాను.

ఆ తర్వాత నేను టీచర్ని కాదు, స్వస్థత పొందిన టీచర్ని. పక్క ఊళ్ళ గృహకూటాలకి, అంటే ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థనలకి, పిలిచారు. ఎక్కడికెళ్ళినా అదే సగం చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు నోరు ఎండిపోయింది, నాలుగోసారికి అలవాటైపోయింది. రెండో సగం చెబితే అత్తయ్యగారి నలభై రోజుల ఆకలిని చెత్తబుట్టలో పారేసినట్టు అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండు వారాలకోసారి తలుపు గడియ వేసుకుని, ఆ టిఫిన్ బాక్సు తీసి తొడ మీద పొడుచుకునేదాన్ని.

వానాకాలం పోయాక దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. అది పూర్తిగా తగ్గేదాకా, కొన్ని నెలలపాటు నడుము ఇంజెక్షన్ ఆపాల్సిందేనన్నారు డాక్టరుగారు. ఆపిన అయిదో వారానికి సిమెంటు మళ్ళీ వచ్చింది.

నొప్పి నాకు కొత్త కాదు. కానీ మునుపు నొప్పొస్తే అమ్మా అనేదాన్ని, ఇప్పుడు అనే వీలు లేదు. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. పొద్దున్నే గది గడియ వేసుకునేదాన్ని. ముందు పక్కకి ఒత్తిగిలడం, అదే అయిదు నిమిషాలు. తర్వాత కాళ్ళు మంచం అంచు దాటించడం. తర్వాత మోచెయ్యి, తర్వాత అరచెయ్యి, తర్వాత మంచం తల పట్టుకుని నిలబడటం. మూలుగు బయటికి వినబడకుండా దుప్పటి కొస పళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని. మొత్తం ముప్పావుగంట. గడియ తీసేసరికి మొహం కడుక్కుని, నవ్వు మొహంతో ఉండేదాన్ని. అత్తయ్యగారు కాఫీ అందిస్తూ, “దేవునికి స్తోత్రం, ఎంత కళగా ఉన్నావమ్మా” అనేవారు.

ఆదివారం అంతకన్నా కష్టం. గంటన్నర చాప మీద. వెనకాల ఆ కుర్చీలుంటాయి. ఒకప్పుడు వాటిమీద కూర్చోవడానికి సిగ్గుపడ్డాను, ఇప్పుడు వాటికోసం ప్రాణం లాగేసేది. వెళ్ళి కూర్చుంటే ఏమవుతుంది? నా దేవుడు అబద్ధమాడాడని సంఘం ముందు చెప్పినట్టే అవుతుంది. చాప మీద ఉంటే నడుము పోతుంది, కుర్చీలో కూర్చుంటే అత్తయ్యగారి పరువు పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా కూర్చుని పాటలు పాడేదాన్ని. లేచేటప్పుడు పక్కనున్న పిల్లని ముద్దు చేస్తున్నట్టు భుజం పట్టుకుని లేచేదాన్ని.

ఇంతవరకూ చెడింది నేనొక్కదాన్నే. అలాగే జరిగి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

మా బళ్ళో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ మా సంఘం మనిషే. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఆవిడకి కీళ్ళవాతం. పెద్దాసుపత్రిలో ఇచ్చిన బిళ్ళలు వాడుతూ, రెండేళ్ళపాటు చక్కగా పనిచేసుకుంది. ఒక రోజు మధ్యాహ్నం వంటగదిలోకి వెళితే, ఉడికిన గుడ్లు పిల్లలు ఒలుస్తున్నారు, ఆవిడ చూస్తూ నిలబడింది. చేతులు కొంగు కింద దాచుకుంది.

“ఏమైందక్కా? చేతులు చూపించు” అన్నాను.

“ఏం లేదండి టీచరుగారు. కొంచెం వాచాయంతే” అంది.

నేనే కొంగు తీసి చూశాను. వేళ్ళ కణుపులు నిమ్మకాయల్లా ఉబ్బి ఉన్నాయి. రెండు వేళ్ళు పక్కకి తిరిగిపోయాయి. గరిటె పట్టుకోవడానికి పిడికిలి ముడుచుకోవడం లేదు.

“బిళ్ళలు వేసుకుంటున్నావా?”

“మానేశానండి.”

“ఎప్పుడు?”

“మీరు సాక్ష్యం చెప్పిన కాడ్నించేనండి. మందులేయీ పనిచెయ్యలేదు, దేవుడు ముట్టాడన్నారు కదండి. మీ అంత చదువుకున్నోరే మందులొదిలేసి నమ్ముకుంటే, నేనెంత? నాది విశ్వాసం తక్కువయ్యే ఇంకా తగ్గలేదు. తగ్గుద్దిలెండి” అంది. నన్ను చూసి ధైర్యంగా నవ్వింది కూడా.

ఎసరు పొంగుతోంది. ఆవిడ మూత తీయబోతే గుడ్డ జారి మూత కింద పడింది. వంగి తీయడం ఆవిడ వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. పిల్లలు తీశారు.

అక్కడే చెప్పేశాను. అక్కా, నేను మందు మానలేదు, ఇంజెక్షన్ చేసుకున్నాను, దానివల్లే లేచాను, ఇప్పుడది ఆపారు, మళ్ళీ వచ్చింది, నువ్వు రేపే ఆసుపత్రికి వెళ్ళు అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది.

“మీరు తగ్గించుకుని మాట్లాడతన్నారండి. నా మనసు కష్టపడకూడదని అలా చెప్తన్నారు. నాకు తెల్దేంటండి? ప్రతి ఆదివారం చాప మీదే కూర్చుంటన్నారు కదండి. నేను మీ వెనకాలే ఉంటన్నాను” అంది.

ఎన్ని విధాల చెప్పినా అంతే. మర్నాడు ఇంటినుంచి ఆసుపత్రి చీటీ తెచ్చి చూపించాను, ఆవిడకి చదువు రాదు. ఖాళీ సిరంజి చూపిస్తే, “ఇది పాతదేమోలెండి” అంది. నా అబద్ధం అంత గట్టిగా కట్టాను. నా నిజం దానిమీద గీత కూడా గీయలేకపోయింది.

ఒకటే దారి కనబడింది. అది తలచుకుంటేనే నాకు సిగ్గుతో ఒళ్ళు మండింది. ఆ పొద్దుటి ముప్పావుగంట నేను మా ఆయనని కూడా చూడనివ్వను. ఆయన ముందే లేచి పాపని తీసుకుని బయటికి వెళ్ళిపోతారు, అది మా ఇద్దరి మధ్యా ఒప్పందం. అత్తయ్యగారు పెద్దాపురంలో ఆడపడుచు ఇంటికి వెళ్ళిన వారం, రెండో శనివారం పొద్దున్నే ఇంటికి రమ్మని ఆవిడని పిలిచాను. ఆ రోజు గడియ వేయలేదు. దుప్పటి పళ్ళ మధ్య పెట్టుకోలేదు.

ఆవిడ గుమ్మంలో నిలబడింది. “లోపలికి రా అక్కా” అనడానికి కూడా నేను తల ఎత్తలేకపోయాను. పడుకునే, “చూడక్కా” అన్నాను.

ఒత్తిగిలాను. అరిచాను. కాళ్ళు దించబోయి మధ్యలో పట్టేసింది, అలాగే ఉండిపోయాను. ఆవిడ సాయం చేయడానికి ముందుకొచ్చింది. వద్దన్నాను, అంతా చూడాలన్నాను. చీర పక్కకి తొలగిపోయి, జుట్టు నోట్లో పడి, ముక్కు కారుతూ, పశువులాగా మూలుగుతూ లేచాను. ఇంత ఆలస్యంగానైనా, నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క పూర్తి సాక్ష్యం అది. నిలబడేసరికి ఆవిడ గోడకి జారగిలబడి నేల మీద కూర్చుని ఉంది.

ఓదారుస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే దానికి ఆశపడ్డాను కూడా. పాపం టీచరుగారూ, ఇంత బాధ ఒక్కరే పడుతున్నారా అంటుందని అనుకున్నాను.

“ఎనిమిది నెలలండి” అంది.

“అక్కా...”

“ఎనిమిది నెలలు మానేశానండి. రోజూ బళ్ళో మీ ఎదురుగానే ఉన్నాను. రోజూ మీకు కూర రుచి చూపిత్తన్నాను. ఒక్క రోజు, అక్కా, నేను మందేసుకుంటన్నాను, నువ్వూ ఏసుకో అని ఒక్క ముక్క చెప్పలేపోయారా?”

మా అత్తయ్యగారని ఏదో మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. ఎత్తిన ఆ చేతిలో రెండు వేళ్ళు పక్కకే చూస్తున్నాయి.

“మీ అత్తగారి మొహం చూసి ఊరుకున్నారు. బానే ఉందండి. నా మొహం ఎవరు చూత్తారు? నాకిక్కడ చూపించారు, నేను మందు మొదలెడతాను. గుడిలో విన్నోళ్ళు నేనొక్కదాన్నేనాండి? మా పక్కింటామె సుగరు బిళ్ళలు మానేసింది. అది మీకు తెల్సా?”

తెలియదు.

“ఇంట్లో చూపిత్తే సరిపోదండి. ఎక్కడ చెప్పారో అక్కడ చెప్పండి” అని లేచింది. నేల మీద చెయ్యి ఆన్చి లేవలేక, మోచెయ్యి ఆన్చి లేచింది. ఆవిడ లేస్తుంటే నేను చూశాను. నేను సాయం చేయబోతే వద్దనలేదు గానీ, నా వల్ల కాలేదు. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ సోమవారమే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. వాపు దిగుతుంది గానీ, తిరిగిపోయిన రెండు వేళ్ళూ మళ్ళీ సరికావని చెప్పారట. ఈ సంగతి నాకు వేరే టీచరు చెప్పింది. అక్క నాతో వంట గురించి తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. అండీ, గారూ మాత్రం మానలేదు. అవి మానేసి నాలుగు తిట్టినా బాగుండేది. అక్క చెప్పిన ఆ పక్కింటామె దగ్గరికి నేనే వెళ్ళి సుగరు బిళ్ళలు మళ్ళీ వేసుకోమన్నాను. ఎందుకని అడిగితే, డాక్టర్లు చెబుతారు కదా అని తప్పించుకున్నాను. ఆమె నవ్వి తలూపింది. వేసుకుంటోందో లేదో నాకు తెలియదు.

అత్తయ్యగారు తిరిగొచ్చారు. ఆవిడకి చెబుదామని రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళాను. ఒకసారి ఆవిడ నా పేరున కృతజ్ఞత కానుక కవరులో పెడుతున్నారు. రెండోసారి ఆవిడ ఏమీ చేయడం లేదు, ఊరికే కూర్చున్నారు. అప్పుడూ చెప్పలేదు. కాబట్టి కవరు మీద నెట్టడానికి లేదు, పిరికితనం నాదే.

ఇది రాసేసరికి నాలుగు ఆదివారాలు గడిచాయి. నాలుగుసార్లూ అయ్యగారు, “సాక్ష్యాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు. నాలుగుసార్లూ నేను చాప మీదే ఉన్నాను. బిగుతు ఇప్పుడు మెడకి ఎక్కింది, తల పక్కకి తిరగడం లేదు. వంట చేసే అక్క నా వెనకాలే ఎక్కడో కూర్చుని ఉంటుంది. నా వీపు వంక చూస్తోందో, చూడటం మానేసిందో తెలుసుకోవాలంటే నేను మొత్తం మనిషిని తిరగాలి. తిరగాలంటే లేవాలి. నేను ఎలా లేస్తానో గుడంతా చూస్తుంది. రేపు మళ్ళీ ఆదివారం.